బాలల బొమ్మల పుస్తకాల్లో రచనా శిల్పం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఒక పరిచయం

బొమ్మలున్న కథల పుస్తకం వేరు, బొమ్మల పుస్తకం వేరు. మొదటిదానిలో బొమ్మలన్నీ తీసేసినా కథ నడుస్తుంది. రెండోదానిలో బొమ్మ తీసేస్తే కథ కుంటుతుంది, మాట తీసేసినా కుంటుతుంది. సాధారణంగా 32 పేజీలకు అటూ ఇటూగా ఉండే ఈ చిన్న పుస్తకంలో రచయిత, చిత్రకారుడు పని పంచుకుంటారు. ఒకరు చెప్పిన సంగతిని రెండోవారు మళ్లీ చెప్పకపోవడం ఇందులో మొదటి శిల్ప సూత్రం. పునరుక్తి, వ్యంగ్యం, ధ్వని, లయ, మానవీకరణ, దృక్కోణం లాంటి సాహిత్య సాధనాలు మామూలు కథలో మాటల మీదే ఆధారపడతాయి. ఇక్కడ సగం బరువు బొమ్మ మోస్తుంది కాబట్టి వాటి నడక మారిపోతుంది.

ఈ వ్యాసం ఆ సాధనాలను శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి చూస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల భాగాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం కూడా ఇందులో చేరుతుంది. బొమ్మల పుస్తకాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయని కాదు, ఆ మాటకొస్తే తెలుగులోనే అవి తక్కువ. కానీ ఆ పుస్తకానికి కావలసిన ముడిసరుకు ఈ నేలమీద దండిగా ఉంది. పిల్లల చదువుకు వాడుక మాట కావాలన్న వాదం ఇక్కడి బళ్లలోనే బలపడింది. బొమ్మ గీయడాన్ని ‘రాయడం’ అనే సవరలు ఇక్కడి కొండల్లోనే ఉన్నారు. చందమామ ముఖచిత్రాలతో రెండు మూడు తరాల పిల్లల కళ్లకు రంగులు నేర్పిన వడ్డాది పాపయ్య పుట్టింది శ్రీకాకుళంలోనే.

పూర్వరంగం

పిల్లల కోసం బొమ్మలతో పుస్తకం చేయాలన్న ఆలోచనకు ఐరోపాలో 1658లో వచ్చిన కొమేనియస్ ‘ఆర్బిస్ పిక్టస్’ను మొదటి మెట్టుగా చెబుతారు. బొమ్మ, మాట కలిసి కథ నడపడం మాత్రం 19వ శతాబ్దంలో ఇంగ్లండు చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్‌తో కుదురుకుంది. తెలుగులో బొమ్మ చాలాకాలం అక్షరానికి తోడుగానే ఉండిపోయింది. అక్షరం పక్కన అమ్మ, ఆవు, ఇల్లు. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మొదలుపెట్టిన ‘బాల’, 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ఈ స్థితిని మార్చాయి. రేడియో అన్నయ్యగా పేరుపొందిన రాఘవరావు సొంతూరు బరంపురం. అది ఇప్పుడు ఒడిశాలో ఉన్నా అప్పట్లో శ్రీకాకుళం సీమతో ఒకే గాలి పీల్చిన ఊరు.

ఆ తర్వాత సోవియట్ పుస్తకాలు వచ్చాయి. నున్నటి కాగితం, నిండు రంగులు, కారుచవక ధర. అదే బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని తెలుగు అనువాదాలు చేశారు. నేషనల్ బుక్ ట్రస్ట్, ఆపైన మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ లాంటి సంస్థలు నేటి తెలుగు బొమ్మల పుస్తకానికి రూపం ఇచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం అనువాదాలు. ఈ ఒక్క సంగతి తర్వాత చెప్పుకోబోయే చాలా లోపాలకు మూలం.

చెప్పకుండా వదిలేసిన చోటు

బొమ్మల పుస్తకం గురించి మాట్లాడేవారందరూ తప్పక ఎత్తే ఉదాహరణ ఒకటుంది. 1968లో పాట్ హచిన్స్ చేసిన ‘రోజీస్ వాక్’. ఒక కోడిపెట్ట దొడ్డి చుట్టూ తిరిగి వేళకు గూటికి చేరిందని 32 ఇంగ్లీషు మాటల్లో, ఒకే వాక్యంలో ఉంటుంది. బొమ్మల్లో ఆ పెట్ట వెనకాల నక్క పొంచి ఉంటుంది, దూకుతుంది, ప్రతిసారీ ఎక్కడో బోల్తా పడుతుంది. మాటల్లో నక్క ఊసే లేదు. పెట్టకు తెలియనిది, చదివే పెద్దవాళ్ల నోట రానిది, వింటున్న పిల్లకు కనిపిస్తుంది. చదువు రాని పిల్లే ఆ గదిలో అన్నీ తెలిసిన మనిషి అవుతుంది. వ్యంగ్యం అనే సాధనానికి ఇంతకన్నా చిన్న ఇల్లు కట్టడం కష్టం.

మరోవైపు 1963 నాటి మారిస్ సెండాక్ పుస్తకం ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’ ఉంది. కోపం తెచ్చుకున్న పిల్లవాడి ఊహ పెరిగే కొద్దీ బొమ్మ పేజీలో పెరుగుతుంది, మాటలకు చోటు తగ్గుతుంది, చివరికి మూడు జోడు పేజీల్లో మాటే ఉండదు. కోపం దిగాక బొమ్మ మళ్లీ తగ్గుతుంది. పిల్లవాడి మనసు ఎంత నిండిందో చెప్పే పని బొమ్మ కొలత చేసింది. ‘చాలా కోపం వచ్చింది’ అని రాయవలసిన అవసరం రాలేదు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. చెప్పిన అర్థం కన్నా స్ఫురించే అర్థం గొప్పదని ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలోనే ‘ధ్వన్యాలోకం’లో వాదించాడు. గురజాడ అప్పారావు విజయనగరంలో ఉండి రాసిన పూర్ణమ్మ కథనే చూడండి. ఆ పిల్ల చనిపోయిందని కవి ఎక్కడా అనడు. ఆమె చూపు, నడక ఏ పూలకు, ఏ పక్షులకు చేరాయో చెప్పి ఊరుకుంటాడు. బడిలో ఆ పాట విన్న పిల్లలు, చావు అనే మాట రాకుండానే సంగతి గ్రహించి మౌనంగా అయిపోతారు. చాగంటి సోమయాజులు కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కూడా అంతే. చదువు ఆగిన కుర్రవాడి బెంగను రచయిత వర్ణించడు, ఆ పిల్లవాడి చిన్న చిన్న మాటల వెనక దాచిపెడతాడు. ఇవి బొమ్మల పుస్తకాలు కావు. కానీ బొమ్మల పుస్తకం రాయాలనుకునేవారు చదవాల్సిన పాఠాలు ఇవే.

నేటి తెలుగు పుస్తకాల్లో ఈ సంయమనం అరుదు. ఎర్ర చొక్కా వేసుకున్న రాము పచ్చని చెట్టు కింద నిలబడి రోడ్డు వైపు ఆత్రంగా చూస్తున్నాడని మాటల్లో రాసి, పక్కనే అదే బొమ్మ వేస్తారు. రంగు బొమ్మలో ఉంది, చెట్టు బొమ్మలో ఉంది, ఆత్రం ముఖంలో ఉంది. ‘రాము ఎదురుచూస్తున్నాడు’ అంటే చాలు. ఎవరికోసమో రోడ్డు చివర లేచిన దుమ్ము చెబుతుంది. చివరి పేజీలో అచ్చయ్యే నీతి వాక్యం మరీ దారుణం. అంతవరకూ పిల్ల తనంతట తాను కట్టుకున్న అర్థాన్ని ఆ ఒక్క వాక్యం తుడిచేస్తుంది.

తెలుగు వాక్యం ఇచ్చే సాయం

అనువాదంలో రానివి, తెలుగుకే ఉన్న వెసులుబాట్లు కొన్ని ఉన్నాయి. వీటిని గురించి రాసినవారు తక్కువ కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘మామిడి కొమ్మ చివరిదాకా పాకి, కళ్లు గట్టిగా మూసుకుని, గంగి...’ అని పేజీ ఆగిపోవచ్చు. దూకిందా, ఏడ్చిందా, వెనక్కి వచ్చేసిందా అన్నది పేజీ తిప్పితేగాని తెలియదు. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి ఆ ఉత్కంఠను వేరే ఉపాయంతో తేవాలి. మనకు వాక్యమే ఆ పని చేసిపెడుతుంది. అనువాద పుస్తకాల్లో ఇంగ్లీషు పేజీ ఎక్కడ తెగితే తెలుగు వాక్యమూ అక్కడే తెగుతుంది. దాంతో ఈ అవకాశం చేజారిపోతోంది.

రెండోది ‘-ది’ అనే ప్రత్యయం. ‘వచ్చింది’ అంటే అమ్మాయి రావచ్చు, పిల్లి రావచ్చు, వాన రావచ్చు, రైలు రావచ్చు. తెలుగు వాక్యం కర్తను వదిలేసినా కుంటుపడదు. ‘మెల్లగా వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి తొంగి చూసింది.’ ఈ మూడు వాక్యాలకు పక్కన నీడ మాత్రమే గీస్తే, నాలుగో పేజీదాకా వచ్చిందెవరో పిల్లలు పందెం కట్టుకుంటారు. కర్త ఎవరో చెప్పవలసింది బొమ్మ. ఇది మాట, బొమ్మ పంచుకునే పనికి అచ్చమైన తెలుగు నమూనా.

మూడోది ‘మనం’, ‘మేము’ తేడా. ‘మేము ఏరు దాటాం’ అంటే చదివే పిల్ల ఒడ్డున ఉండిపోతుంది. ‘మనం ఏరు దాటాం’ అంటే నాగావళిలో తనూ కాళ్లు తడుపుకుంటుంది. బొమ్మలో పడవను వెనకనుంచి గీసి, ముందు పక్కన ఒక ఖాళీ చోటు వదిలితే ‘మనం’ అనే మాటకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎదురునుంచి గీస్తే అది ‘మేము’ బొమ్మ. దృక్కోణం అని విమర్శకులు పెద్ద మాటతో పిలిచేది మన భాషలో ఒక సర్వనామంలో ఉంది.

నాలుగోది ‘అట’. మన ముసలమ్మల కథల్లో ప్రతి వాక్యం చివరా ‘ఉండేదిట’, ‘వెళ్లేడట’ అని వస్తుంది. నేను చూడలేదు, విన్నాను, నువ్వూ విను అని అర్థం. బొమ్మ వచ్చి పడ్డాక ఈ ‘అట’కు వింత స్థితి ఏర్పడుతుంది. మాట విన్నానంటుంది, బొమ్మ చూడమంటుంది. ఏనుగంత గుమ్మడికాయ కాసిందట అని మాట అంటుంటే, బొమ్మలో మామూలు గుమ్మడికాయ, దాని పక్కన గొప్పలు చెబుతున్న తాత ఉంటే? ‘అట’ వ్యంగ్యంగా మారిపోతుంది. అచ్చు పుస్తకాల్లో సంపాదకులు ‘అట’లను ఏరిపారేస్తారు, వాక్యం శుభ్రంగా ఉండాలని. ఆ శుభ్రతలో ఒక సాధనం పోయింది.

ఇక ధ్వన్యనుకరణ మాటల సంగతి. గబగబా, బిలబిలా, టపటపా, తళతళ, మిలమిల. ఇవన్నీ చప్పుడుకు సంబంధించినవే కావు. తళతళ వినపడదు, కనపడుతుంది. తెలుగులో చూపుకూ స్పర్శకూ కూడా ఇలాంటి జంట మాటలున్నాయి. బొమ్మ చేయలేని పని వీటితో చేయించాలి. నది మెరుపును రంగు చూపిస్తుంటే మళ్లీ తళతళ అనక్కర్లేదు. చీకట్లో గోనె కింద ఏదో కదిలినప్పుడు ‘లుకలుక’ అంటే, బొమ్మ ఉత్త గోనెను చూపినా చాలు.

ఊ కొట్టడం

తెలుగిళ్లలో కథ చెప్పేవారికి వినేవారు ‘ఊ’ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది, నిద్రపోయావా అన్న ప్రశ్న వస్తుంది. జముకుల కథలోనూ బుర్రకథలోనూ వంతలు చేసే పని ఇదే. ప్రధాన కథకుడి మాటను అందుకుని, సాగదీసి, అడ్డం తిరిగి, కథను ముందుకు తోస్తారు. బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పడం చేత్తో ఊ కొట్టడమే. పిల్ల ఎప్పుడు తిప్పుతుంది, ఎప్పుడు వెనక్కి తిప్పి మళ్లీ చూస్తుంది అన్నది రచయిత ఊహించి వాక్యాన్ని కోయాలి. ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కంటపడతాయి కాబట్టి రహస్యాన్ని కుడి పేజీలో పెట్టకూడదు, తిప్పాక వచ్చే ఎడమ పేజీలో పెట్టాలి. ఎడమ నుంచి కుడికి చదివే మనకు కుడివైపు నడిచే బొమ్మ ముందుకు పోతున్నట్టు, ఎడమవైపు నడిచేది ఇంటికి తిరిగి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఈ చిన్న సంగతి పట్టించుకోక సంతకు బయలుదేరిన రైతును ఎడమకు నడిపిస్తే, కథ ముందుకు పోతున్నా బొమ్మ వెనక్కి లాగుతుంది.

పునరుక్తి: ఏడు చేపలు ఎందుకు చాలా పెద్ద కథ

పిల్లల కథకు వెన్నెముక పునరుక్తి. మనకున్న అన్నింటిలోకీ గొప్ప ఉదాహరణ ఏడు చేపల కథ. కొంచెం అటూ ఇటూగా తెలుగు నేలంతటా చెప్పుకుంటారు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. కారణం అడిగితే చేప గడ్డిని చూపుతుంది, గడ్డి ఆవును, ఆవు కాపరిని, అలా నేరం చేతులు మారుతూ చివరికి చీమ దగ్గర ఆగుతుంది.

ఇందులో పునరుక్తి జ్ఞాపకానికి ఊతం మాత్రమే కాదు, కథలోని అర్థం దానిలోనే ఉంది. అడిగే ప్రశ్న మారదు, జవాబు ఆకారం మారదు, జవాబు చెప్పేవారి స్థాయి మారుతుంది. రాజకుమారుల నుంచి మొదలైన కథ పశువులకు, పనివాళ్లకు, ఏడ్చే పసిబిడ్డకు, చివరికి చీమకు దిగుతుంది. దారి పొడుగునా ప్రతి ఒక్కరూ తప్పును పక్కవాడి మీదికి తోసేస్తారు. చీమ ఒక్కటే తోసేయదు. నా పుట్టలో వేలు పెడితే కుడతానని తన హక్కును చెబుతుంది. అన్నిటికన్నా చిన్న ప్రాణి దగ్గర సాకుల గొలుసు తెగిపోతుంది. పిల్లలు ఆ చోట పడీపడీ నవ్వుతారు. గదిలో అందరికన్నా చిన్నవాళ్లు తామే కదా.

దీన్ని బొమ్మల పుస్తకం చేసేవారి ముందు నిజమైన సమస్యలున్నాయి. మాటల్లో గొలుసు పొడుగవుతుంటే, బొమ్మలో వెనకటివారు ఏమైపోవాలి? ప్రతి పేజీలో కొత్తవాడిని ఒంటరిగా గీస్తే అది బొమ్మల జాబితా అవుతుంది. చేప ఇసుక మీదే ఉండి, గడ్డి దాని వెనక, ఆవు ఇంకా వెనక అలా ఒకే దృశ్యం పేజీ పేజీకీ వెడల్పవుతూ పోతే, ఎంతమంది వరసలో ఉన్నారో కంటికి తెలుస్తుంది. చివర చీమను ఎంత గీయాలి? పుట్టలో చుక్కంతగా గీస్తే అది నిజం, జోడు పేజీలంతా నింపితే అదీ నిజమే. రెండో పద్ధతిలో చీమ మాటకు ఎంత బలముందో తెలుస్తుంది. కొబ్బరి తోటల మధ్య ఉప్పుచేప ఎండబెట్టే భావనపాడు లాంటి తీరపు ఊళ్ల పిల్లలకు ఈ కథలో మొదటి బొమ్మ వీధిలోనే కనిపిస్తుంది. ఒక చేప ఎందుకు ఎండదో వాళ్లకు వేరే కారణాలూ తెలుసు.

వరసలు కలపడం

మానవీకరణ అంటే జంతువుకు చొక్కా తొడగడమని బొమ్మలు వేసేవారు అనుకుంటారు. తెలుగులో ఆ పని బంధుత్వం చేస్తుంది. కాకి బావ, నక్క మామ, చందమామ. ఆకాశంలో ఉన్నవాడు అమ్మకు తమ్ముడయ్యాడంటే, అడిగితే దిగివస్తాడని పిల్ల నమ్ముతుంది. ఈ వరసలు ఇంటింటికీ, ఊరూరికీ మారతాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో అక్కను ‘అప్ప’ అనేవారున్నారు. కథలో ‘అప్ప’ అని వస్తే ఆ ఇంటి పిల్లకు అది తన ఇల్లే అవుతుంది. ముఖం గీయక ముందే పాత్రకు ఒక చుట్టం దొరికింది.

వడ్డాది పాపయ్య రంగులు

1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, 1992 డిసెంబరులో కన్నుమూసిన వడ్డాది పాపయ్య ‘వపా’ సంతకంతో వందలాది ముఖచిత్రాలు వేశారు. ఆయన పని ఎక్కువగా అట్ట మీదది. లోపలి కథకు చిత్ర, శంకర్ లాంటి చిత్రకారుల గీతలు తోడుండేవి. కానీ బొమ్మల పుస్తకానికి వపా నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ఆయన జలవర్ణాల్లో వెనక ఉన్న ఆకాశమూ ఆకులూ ఖాళీ నింపడానికి పెట్టినవి కావు. పాత్ర మనసులో ఉన్న రసం ఆ రంగులోకి పాకుతుంది. విరహానికి ఒక నీలం, రౌద్రానికి ఒక ఎరుపు. నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పిన దేశంలో ఇది సహజమే. నేటి పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో ఆకాశం ప్రతి పేజీలోనూ ఒకే నీలం. కథలో తుపాను వచ్చినా అదే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ రాత్రిని పిల్లలకు చెప్పే పుస్తకం ఎవరైనా చేస్తే, నిలువుగా ఉండే కొబ్బరిచెట్లు మొదటి పేజీల్లో పుస్తకాన్ని నిలువుగా నడిపించి, కూలిన తర్వాత అడ్డంగా పరచుకోవాలి. చెట్ల మీద బతికిన ఇంట్లో ఏం జరిగిందో ఆ గీతల దిక్కు మార్పే చెబుతుంది. అలాగే విజయనగరం పైడితల్లి జాతరలోని సిరిమాను. సుమారు 60 అడుగుల మాను చివర పూజారి గాలిలో తేలుతూ ఊరేగుతాడు. మామూలు పేజీలో అది ఇమడదు. పుస్తకాన్ని నిలువుగా తిప్పి పట్టుకోవలసిన జోడు పేజీ కావాలి. కింద జనం చుక్కలంత, పైన మనిషి ఒంటరి. పుస్తకం తిప్పుతూ పిల్ల తల ఎత్తి చూసినట్టే అవుతుంది.

సవర గోడ

సీతంపేట, పార్వతీపురం కొండల్లో, సరిహద్దుకు అవతల గజపతి, రాయగడ కొండల్లో ఉండే సవరల గోడ బొమ్మలకు ఇడితాల్ అని పేరు. మన వైపు ఎడిసింగ్ అనీ అంటారు. ‘ఇడ్’ అంటే రాయడం. గీయడానికీ రాయడానికీ ఒకే మాట. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, నలిపిన పుల్లతో ఒక చదరం గీస్తారు. అది ఇల్లు. దానిలో మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు, చెట్లు, దేవతలకు ఇచ్చినవి, ఇవ్వవలసినవి. 1950లలో వీటి గురించి విస్తారంగా రాసిన వెరియర్ ఎల్విన్, ఆ చదరాల్లోకి విమానాలూ సైకిళ్లూ కూడా వచ్చి చేరడాన్ని గమనించాడు.

కథన శిల్పం వైపు నుంచి చూస్తే ఈ గోడ మన పుస్తకాలకు పూర్తిగా ఎదురు. దానికి మొదలు, చివర లేవు. పేజీ లేదు. నిన్న జరిగింది, రేపు జరగవలసింది ఒకే చట్రంలో పక్కపక్కన ఉంటాయి. క్రమం బొమ్మలో లేదు, ఆ ముందు నిలబడి పూజ చేసే మనిషి నోట్లో ఉంది. ఏది ముందు చూపాలో అతడే తేలుస్తాడు. ఒకే గోడ నుంచి వేర్వేరు రోజుల్లో వేర్వేరు కథనాలు పుట్టవచ్చు. బొమ్మల పుస్తకాల్లో మాటలు లేనివి, ఒక్క జోడు పేజీలో ఊరంతా కిక్కిరిసినవి ఈ పద్ధతికి దగ్గరగా వస్తాయి. అలాంటి పేజీ ముందు పిల్ల ఎక్కడినుంచైనా మొదలుపెట్టొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సవర శైలి ఇప్పుడు అట్టల మీద, సంచుల మీద, పుస్తకాల అంచుల్లో అలంకారంగా వాడుకలోకి వచ్చింది. ఆ త్రికోణపు మనుషులను వరసగా నిలబెట్టి నగరంలో రాసిన కథకు అంచు కడితే అది సవర కథనం కాదు. ఆ గోడ అర్థం దాని చదరంలో, దాని ఏకకాలపు అమరికలో ఉంది. మనుషుల ఆకారం తీసుకుని అమరికను వదిలేస్తే మిగిలేది ముగ్గు.

గిడుగు వాచకాల నుంచి

సవరలకు తెలుగు లిపిలో వాచకాలు చేసిన మొదటి మనిషి గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం ఇచ్చారు. పరాయి మాటలో అక్షరం నేర్పితే అది అక్షరం కాకుండా పోతుందని ఆయన ఆ బడిలోనే చూశారు. ‘ఆ’ పక్కన ఆవు బొమ్మ వేస్తే తెలుగు పిల్లకు గొలుసు కుదురుతుంది. ఆ బొమ్మ చూసి సవర పిల్ల నోట వచ్చే మాట ‘ఆ’తో మొదలవదు. బొమ్మ సరైనదే, అక్షరం సరైనదే, మధ్యనున్న వంతెన మాత్రం ఆ పిల్ల భాషలో లేదు. 2000ల తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా వాచకాలు మొదలైనప్పుడు ఈ ప్రాంతపు సవర, కొండ, కువి భాషలు వాటిలో ఉన్నాయి. ఒడిశా వైపు ప్రథమ్ బుక్స్ సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో ‘ఆదికహాని’ పేరుతో బొమ్మల పుస్తకాలు తెచ్చింది.

రామమూర్తి కొడుకు గిడుగు సీతాపతి పిల్లల గేయాలు రాశారు. ‘చిలకమ్మ పెండ్లి’ వాటిలో బాగా పేరొచ్చింది. వాడుక మాట కోసం తండ్రి చేసిన వాదం కొడుకు చేతిలో లయ అయింది. ఇది కాకతాళీయం కాదేమో.

యాస ఎక్కడుంది?

కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం తెలుగుకు 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు ‘ఆనందలోకం’కు, 2019లో బెలగాం భీమేశ్వరరావు ‘తాత మాట వరాల మూట’కు వచ్చింది. ఇద్దరూ పార్వతీపురంవారే. ఒక చిన్న పట్టణానికి వరసగా రెండేళ్లు. రెండో పుస్తకం పేరులో మాట, మూట అన్న ప్రాస ఎంత తేలిగ్గా పడిందో చూడండి. ఇంత రచనాబలం ఉన్న చోట కూడా బొమ్మల పుస్తకం అనే రూపం ఇంకా వేరూనలేదు.

వచ్చిన కొద్ది పుస్తకాల్లోనూ భాష కోస్తా నడుమ జిల్లాల అచ్చు భాషే. బొమ్మలో తాటిచెట్లు, తలపాగా, చోడి అంబలి ముంత ఉంటాయి. మాటలో ‘ఏమిటి’ ఉంటుంది. ఇక్కడి పిల్ల ‘ఏటి’ అంటుంది. ‘తినేసింది’ అనదు, ‘తినీసింది’ అంటుంది. ‘తినీసింది, తాగీసింది, పారిపోనాది’ అని మూడు పేజీలు నడిస్తే ఆ దీర్ఘంలోనే ఒక తూగు ఉంది, దొంగపిల్లి కథకు అది బాగా నప్పుతుంది. యాసను హాస్యగాడి నోట మాత్రమే పెట్టే సినిమా అలవాటు పిల్లల పుస్తకంలోకీ వచ్చింది. కథ చెప్పే గొంతు ఒక భాషలో, నవ్వించే పాత్ర మరో భాషలో ఉంటే, ఆ రెండో భాష మాట్లాడే పిల్లకు తన మాట ఎందుకు నవ్వు పుట్టిస్తోందో అర్థం కాదు. అర్థమైతే మరీ చేటు. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం బాల్యాల కథలను బొమ్మలతో తెచ్చినప్పుడు ఎవరి ఇల్లు, ఎవరి మాట పుస్తకంలో ఉంటుందన్న ప్రశ్న తెలుగులో గట్టిగా లేచింది. ఉత్తరాంధ్ర వైపు ఆ ప్రశ్న ఇంకా అడగాల్సే ఉంది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయంలో తెలుగు కథలు వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. నోటి కథలకు అలాంటి ఇల్లు లేదు. వాటిని సేకరించేవారికి ఒక విన్నపం. ముసలమ్మ చెప్పిన మాటలు రాసుకుని ఊరుకోకండి. ఎక్కడ ఆగిందో, ఏ మాట దగ్గర చెయ్యి పైకెత్తిందో, పిల్లలు ఎక్కడ ఊ కొట్టడం మరిచిపోయారో కూడా పక్కన గుర్తు పెట్టుకోండి. పేజీ ఎక్కడ తిరగాలో, బొమ్మ ఎక్కడ రావాలో చిత్రకారుడికి ఆ గుర్తులే కావాలి.